పుర్రచేతి గిటార్లు

జూన్ 4

ప్రియమైన తమ్ముడికి,

ఈ ‘ప్రియమైన’ అన్నది గుమాస్తాగారి మాట, నాది కాదు. ఉత్తరం అలాగే మొదలుపెట్టాలట. కోర్టులో ముప్ఫై ఏళ్ళు అర్జీలు రాసి, రిటైరై మా ఎదురింట్లో చేరిన మనిషి. ఆయన పద్ధతులు ఆయనవి. నేను ‘ఒరేయ్’ అని మొదలుపెట్టమన్నాను, కలం కదల్లేదు. కాబట్టి నా ఉత్తరం ఇక్కణ్ణుంచి మొదలు: ఒరేయ్!

నా కేసు విను. ఆరేళ్ళ కిందట వచ్చి, “నాలుగు నెలలేనక్కా, ఊళ్ళు తిరిగి కచేరీలు చెయ్యాలి, కాస్త సామాను నీ దగ్గరుంచుతా” అన్నావు. సామానంటే ఒక పెట్టె, ఒక పరుపు అనుకున్నాను. లారీ వచ్చింది. పదకొండు గిటార్లు, నాలుగు ఆంప్లిఫయర్లు, పాముల బుట్ట బోర్లించినట్టు వైర్లు. కింద గదిలో గోడంతా కొయ్య కొక్కేలు కొట్టి గిటార్లు వేలాడదీశావు. కింద నలుగురు కాపలావాళ్ళలాగా ఆ ఆంప్లిఫయరు పెట్టెలు. నా ఇంట్లో నేను ఆ గదిలోకి అడ్డంగా నడిచి, నిలువుగా తిరిగి రావాలి.

పోనీ ఊరికే పడున్నాయా? ఎండ తగలకూడదు. చెమ్మ తగలకూడదు. అలాగని మరీ ఎండిపోకూడదు, మూలన గిన్నెలో నీళ్ళు పెట్టాలి. పన్నెండు తీగలది కిటికీ దగ్గర ఉండకూడదు. పొట్టలో రేకు పళ్ళెం ఉన్నదాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. పెట్టెలకి నెలకోసారి కరెంటు పెట్టి, లోపలి గాజు బల్బులు ఎర్రబడ్డాయో లేదో చూడాలి. పచ్చి బాలింతకి కూడా ఇన్ని పథ్యాలు లేవురా! ఒకసారి నల్ల గిటారుని కిరసనాయిలు గుడ్డతో తుడిచిన పాపానికి ఎనిమిది నెలలు నాతో మాట్లాడలేదు నువ్వు.

ఇక అసలు సంగతి. నా కుడి మోకాలు అరిగిపోయింది. చిప్ప మార్చాలన్నాడు డాక్టరు. సెప్టెంబరు పన్నెండున ఆపరేషను. ఆ తర్వాత మూడు నెలలు మెట్టెక్కకూడదు. నా మంచం మేడమీద. పద్దెనిమిది మెట్లు. నీళ్ళగది కింద. మరి నేనెక్కడ పడుకోవాలి? గిటార్ల గదిలో. గిటార్లు ఎక్కడ పడుకోవాలి? అది నువ్వు చెప్పు.

“మీ తమ్ముడుగారు ఏం పాట వాయిస్తారండీ?” అని ఇప్పుడే గుమాస్తాగారు అడిగారు. బ్లూస్ అన్నాను. అంటే ఏమిటన్నారు. ఒకే బాధని రెండుసార్లు అవే మాటల్లో చెప్పి, మూడోసారి దానికి తనే జవాబు చెప్పుకునే పాటని చెప్పాను. “మా కోర్టూ అంతేనమ్మా, కాకపోతే మూడోసారి వాయిదా” అన్నారాయన. (ఇది రాయనవసరం లేదన్నాను. రాయమన్నారు. — గుమాస్తా.)

కనక నీ భాషలోనే చెబుతున్నా. గది ఖాళీ చెయ్యి. గది ఖాళీ చెయ్యి. చెయ్యకపోతే నేనే చేస్తా, వీధిలోకి.

నీ అక్క,
వేలిముద్ర

జూన్ 15

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం మా డ్రమ్ములతను బండిలో పైకి చదివాడు. అందరూ నవ్వారు, నేను తప్ప. సరే, నేనూ నవ్వాను. మోకాలి సంగతి దగ్గరికి వచ్చేసరికి ఎవరూ నవ్వలేదు. ఇన్నాళ్ళు నొప్పి దాచుకుని ఆ మెట్లెందుకు ఎక్కావు? ఒక్క మాట రాయించకూడదూ?

నా రాత చదవడానికి గుమాస్తాగారు ఇబ్బంది పడ్డారేమో, నా తరఫున క్షమాపణ చెప్పు. పుర్రచెయ్యి కదా, అక్షరాలన్నీ ఎదురుగాలిలో నడిచేవాళ్ళలా వెనక్కి వాలి ఉంటాయి. పైగా ఈ మధ్య వరసగా కచేరీలు, చెయ్యి తరచూ తిమ్మిరెక్కుతోంది.

జులై ఇరవై పొద్దున్నే వ్యాను వేసుకుని నేనే వస్తున్నా. మేం తరచూ వాయించే హాలు వెనక ఒక గది ఇస్తామన్నారు. అన్నీ అక్కడికి తరలిస్తా. ఆపరేషనుకి దాదాపు రెండు నెలల ముందే నీ గది నీకు అద్దంలా అప్పగిస్తా. ఇది వాయిదా కాదు, మాట.

అప్పటిదాకా దేన్నీ కదపకు తల్లీ. ముఖ్యంగా గోధుమరంగు గుడ్డ తొడిగిన పాత ఆంప్లిఫయరు జోలికి పోకు. మిగతా పద్నాలుగూ పోయినా బతగ్గలను. అది పోతే మూగవాణ్ణి. జనం నన్ను ‘బొంగురాయన’ అని పిలవడం మొదలుపెట్టింది నా గొంతు చూసి కాదు, దాని గొంతు విని.

తిట్లతో సహా నీవాడు,
తమ్ముడు

జులై 24

ప్రియమైన తమ్ముడికి,

ఇవాళ ‘ప్రియమైన’ వద్దని గట్టిగా చెప్పాను. గుమాస్తాగారు రాసేసి, తడి ఆరిపోయింది, ఇక కొట్టివేత కుదరదంటున్నారు.

ఇరవయ్యో తారీఖు పొద్దున్న ఆరింటికి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఏడు. ఎనిమిది. వీధిలో ఏ బండి చప్పుడైనా లేచి నిలబడ్డాను, ఈ మోకాలితో! పాలబండి. చెత్తబండి. ఎవరిదో పెళ్ళి సామాను బండి. మధ్యాహ్నానికి వీధిలోవాళ్ళు పలకరించడం మొదలుపెట్టారు. “ఎవరైనా వస్తున్నారా పిన్నిగారూ?” అంది పక్కింటావిడ. “వ్యాను” అన్నాను. “వ్యాను ఎవరి తాలూకు?” అంది. నవ్వలేక చచ్చాను. మర్నాడూ కూర్చున్నాను. ఆ మర్నాడూ. నువ్వు రాలేదు, నీ కబురూ రాలేదు. గోడమీద రాసిపెట్టిన మాటరా నీది. సున్నం కొడితే పోతుంది!

సరే, నేనేం చేశానో కూడా విను. నీకు తెలియాలి కదా.

నువ్వొచ్చేసరికి సిద్ధంగా ఉంటాయని పెట్టెలన్నీ గుమ్మం వైపు జరిపాను. గోధుమరంగుదాన్ని తిప్పితే వెనక సగం తెరిచే ఉంది. లోపల స్పీకరు కాగితం చిరిగిపోయి ఉంది. మూడు చీలికలు, ఒక్కోటి వేలెడు పొడుగు. ఇదా నీ ప్రాణం? ప్రాణాన్ని ఇలాగేనా ఉంచుకునేది? నలభై ఏళ్ళు బైండింగు షాపులో పుస్తకాలు కుట్టి, అతికించినదాన్ని. అక్షరం ముక్క రాదు కానీ, కాగితం ఏ వైపు చిరగాలనుకుంటుందో వేలితో తడిమి చెప్పగలను. చిరిగిన కాగితం ఎదురుగా ఉంటే నా చేతులు నా మాట వినవు.

మైదా జిగురు పలచగా కాచి, చిటికెడు మైలుతుత్తం వేశాను, పురుగు పట్టకుండా. ఉల్లిపొరలాంటి కాగితం వేలితో చింపి, అంచు పీచులు పీచులుగా ఉండేలా, లోపలొక పొర, బయటొక పొర అంటించాను. నీడన రెండురోజులు ఆరనిచ్చాను. ఇప్పుడు చిరుగు ఎక్కడుందో నువ్వు భూతద్దం పెట్టి వెతికినా దొరకదు.

ముట్టుకోవద్దన్నావు. ముట్టుకున్నాను. వస్తానన్నావు. రాలేదు. చెల్లుకు చెల్లు. తిట్టాలనుంటే వచ్చి తిట్టు.

నీ అక్క,
వేలిముద్ర

ఆగస్టు 2

ప్రియమైన అక్కకి,

అనుకోకుండా కచేరీ పని తగిలి రాలేకపోయాను. కబురు చెయ్యనందుకు ఏమీ అనుకోకు.

స్పీకరు సంగతి పోనీలే అక్కా. ఆ చీలికలు పాతికేళ్ళ కిందట నేనే బ్లేడుతో కోసుకున్నవి, గొంతు గరగరలాడాలని. అతికించావుగా, మంచిదే. పాతదైపోయింది ఎలాగూ.

గది సంగతి ఏదో ఒకటి చూస్తాను. నువ్వు ఆరోగ్యం జాగ్రత్త.

నీ తమ్ముడు

ఆగస్టు 8

తమ్ముడూ,

ఏమైంది?

కిరసనాయిలు గుడ్డకి ఎనిమిది నెలలు మాట్లాడనివాడివి. నల్లదాన్ని ఒక కొక్కెం నుంచి ఇంకో కొక్కేనికి మార్చానని ఉత్తరం నిండా శాపనార్థాలు రాసినవాడివి. అది పోతే మూగవాణ్ణన్నవాడివి. దాని గొంతు నేను జిగురు పెట్టి మూసేస్తే ‘పోనీలే అక్కా’నా? ‘మంచిదే’నా? ఎవరు రాశారురా ఈ ఉత్తరం?

ఆ మాట నోట్లోంచి రాగానే గుమాస్తాగారు కలం కిందపెట్టారు. “ఇది ఆయన రాత కాదమ్మా” అన్నారు. ముందు ఉత్తరంలో అక్షరాలు వెనక్కి వాలి ఉన్నాయట. ఇందులో బొద్దుగా, నిటారుగా ఉన్నాయట. “మరి చదివినప్పుడే ఎందుకు చెప్పలేదు?” అంటే, “మీరు అడగలేదు కదమ్మా. అడగనిదానికి జవాబు చెప్పకూడదని మా కోర్టు పద్ధతి” అన్నారు. ఆయన కోర్టు తగలెయ్య, మూడు రోజులు నా ఎదురుగా కూర్చుని మజ్జిగ తాగారు ఆ మాట కడుపులో పెట్టుకుని! (నిజమే. తప్పు నాదే. — గుమాస్తా.)

నాకు చదువు రాదు కదా అని ఎవరిచేతో రాయించి పంపితే తెలియదనుకున్నావా? రాత తెలియదు. నువ్వు తెలుసు. నువ్వు నన్ను తిట్టలేదంటే నీకేదో అయింది.

గది మాట వదిలెయ్. గిటార్ల మాట వదిలెయ్. పుర్రచేతివాడివి ఇంకొకరి చేత ఎందుకు రాయించావు? దానికి మాత్రం జవాబు రాయించు. నన్ను తిట్టినా సరే. చిరుగులే కావాలంటే బ్లేడు తీసుకుని నేనే మళ్ళీ కోసిపెడతా. ముందు తిట్టు.

అక్క,
వేలిముద్ర

ఆగస్టు 14

ప్రియమైన అక్కకి,

నేను చెబుతుంటే ఇది రాస్తున్నది మా డ్రమ్ములతను. పోయిన ఉత్తరమూ ఇతనే రాశాడు. అతన్ని తిట్టకు, నేను బలవంతం చేశాను.

జులై పదకొండున కచేరీలో రెండో పాట మధ్యలో ఎడమచెయ్యి ఆగిపోయింది. నొప్పేమీ లేదు. పక్కవాడి చెయ్యి ఎవరో తెచ్చి నా ఒళ్ళో పెట్టినట్టనిపించింది. కుడిచేతి వేళ్ళు పాపం తీగలు నొక్కుతూనే ఉన్నాయి. మీటే చెయ్యి లేదు. జనం అది కూడా పాటలో భాగమే అనుకుని కాసేపు ఊపిరి బిగబట్టుకుని విన్నారు. తర్వాత నేను కుర్చీలోంచి జారాను.

పక్షవాతం అన్నారు. మాట, నడక మిగిలాయి. చెయ్యి పోయింది. రోజుకి మూడుసార్లు వేళ్ళు వంచుతూ ఉంటే కొంత తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. నేను వంచడం లేదు. నొప్పికి భయపడి కాదక్కా. యాభై ఏళ్ళు నేను అనుకోకముందే కదిలిన వేళ్ళు, ఇప్పుడు బతిమాలినా కదలకపోతే చూస్తూ కూర్చోలేను. ఒకసారి చూశాను. చాలు.

నీకు ఎందుకు చెప్పలేదంటే, నీకు ఆపరేషను ఉంది. నేను చెబితే నువ్వు దాన్ని వాయిదా వేసి ఆ మోకాలితోనే రైలెక్కుతావు. నాకు తెలియదా నువ్వు!

గది నీది. సంగీతం నేర్పే బడి ఒకటి ఉంది, వాళ్ళతో మాట్లాడాను. ఇరవై ఎనిమిదిన వాళ్ళ వ్యాను వస్తుంది. పదకొండు గిటార్లూ, నాలుగు పెట్టెలూ వాళ్ళకి ఇచ్చెయ్. ఒక్కటి కూడా నాకు ఉంచకు. కొక్కేలు కూడా పీకించి గోడకి సున్నం వేయించుకో. ఆరేళ్ళు మోశావు, ఇక దించుకో.

ఈసారి వ్యాను తప్పకుండా వస్తుంది.

నీ తమ్ముడు

సెప్టెంబరు 27

ఒరేయ్,

గుమాస్తాగారు ఇవాళ అడగకుండానే ‘ఒరేయ్’ అని రాసి నాకు చూపించారు. నాకు చదవడం రాదని మరిచిపోయి.

నెలన్నరగా జవాబు రాయించలేదంటే మోకాలి వల్ల కాదు, కోపం వల్ల. చెయ్యి పడిపోతే అక్కకి చెప్పనివాడికి అక్క ఎందుకు? అని రోజూ అనుకున్నాను. ఇంకా తగ్గలేదు. కానీ నా ఉత్తరం లేకపోతే నువ్వు సుఖపడిపోతావని రాయిస్తున్నా.

ఆగస్టు ఇరవై ఎనిమిదిన బడివాళ్ళ వ్యాను వచ్చింది. నీ మాటకన్నా వాళ్ళ మాట నయం. ఇద్దరు బరువులు మోసేవాళ్ళు, ఒక మేష్టారు. మనిషి మంచివాడే, చెప్పులు బయటే విడిచి లోపలికొచ్చాడు. గోడ చూసి, “అమ్మా, ఇదంతా ఒక్కరిదేనా?” అని కళ్ళు తుడుచుకున్నాడు. నల్లదాన్ని నెమ్మదిగా దించి ఒళ్ళో పెట్టుకున్నాడు. మీటాడు. మొహం చిట్లించాడు. ఇంకోటి దించాడు. అదీ అంతే. “ఇవన్నీ తిరగేసి ఉన్నాయేమిటమ్మా?” అన్నాడు. పుర్రచేతివాడి గిటార్లు ఎలా ఉంటాయి మరి? పైనుండే తీగ కింద, కిందుండే తీగ పైన.

“ఫరవాలేదులెండి, మెడ మీద తీగలు ఆనే ఎముక పట్టీ పీకి కొత్తది కోసి, తీగలు మామూలు చేతికి తిప్పి కట్టేస్తాం. ఒక వారం పని” అన్నాడు.

“పదకొండూనా?”

“పదకొండూ.”

“తగిలించు” అన్నాను.

“ఏమిటమ్మా?”

“ఎక్కణ్ణుంచి తీశావో అక్కడ తగిలించు నాయనా. నేను అడిగింది నాకు గది. నా తమ్ముడి చెయ్యి నరకమని నేనెవర్నీ అడగలేదు.”

ఆరేళ్ళు ఎప్పుడు పోతాయా అని ఎదురుచూసినవి, వ్యాను గుమ్మంలో ఉండగా నేనే ఆపాను. నా అంత తిక్కమనిషి ఈ వీధిలో లేదు. నాకు తెలుసు, నువ్వు చెప్పక్కర్లేదు. వచ్చినవాళ్ళని ఖాళీగా పంపడం బాగుండదని, వాళ్ళ చేత నా మంచం మేడమీంచి దింపించాను. పెట్టెలు రెండు అటు, రెండు ఇటు నెట్టించి నడుమ వేయించాను. మేష్టారు నీళ్ళు తాగి, దణ్ణం పెట్టి వెళ్ళాడు.

పన్నెండున ఆపరేషను అయింది. ఇనుప చిప్ప పెట్టారు. ఇప్పుడు నేను నీ గదిలో ఉన్నాను, నీ పదకొండు మంది గోడమీంచి నన్ను చూస్తున్నారు. రోజూ పొద్దున్న ఒకావిడ వచ్చి మోకాలు వంచుతుంది. రోలుకేసి రుబ్బే చేతులు ఆవిడవి. మొదటిరోజు కాలు పట్టి వంచగానే అరిచాను చూడూ, ఎదురింట్లోంచి గుమాస్తాగారు పేపరు చేత్తో పట్టుకుని పరిగెత్తుకొచ్చారు.

నేను అరవడం ఆపాను. అరుపు ఆగలేదు.

గోడమీద నీవి మూలుగుతున్నాయి. అన్నీ. ఎవరూ ముట్టుకోలేదు, తీగలు వాటంతటవే. మోకాలావిడ నా కాలు వదిలేసి, “పక్కగదిలో ఎవరున్నారండీ?” అంది. గట్టిగా అరిస్తే తీగలు పలుకుతాయట, గుమాస్తాగారు చెప్పారు. ఆరేళ్ళలో ఈ గదిలో నేను గొంతెత్తింది లేదు, తుడవడం, రావడం, అంతే. నాకేం తెలుసు? రేకు పళ్ళెంది అన్నిటికన్నా ఆఖర్న ఆగుతుంది, పొగరుబోతు. లావు తీగలు లావు అరుపుకి, సన్న తీగలు సన్న అరుపుకి. నేను “అమ్మో” అంటే ఒకలాగా, “ఓరి దేవుడో” అంటే ఇంకోలాగా.

ఓదార్చాయనుకునేవు. ఓదార్పూ లేదు, వంకాయా లేదు. చిరాకు. నా అరుపు నాకే తిప్పి చెబుతుంటే ఒళ్ళు మండుకొచ్చి, ఇంకా గట్టిగా అరుస్తాను. అరుస్తుంటే వంచడం కాస్త సాగుతుంది. మొదటివారం ముప్ఫై డిగ్రీలు కూడా వంగనిది ఇప్పుడు ఎనభై వంగుతోందని ఆవిడ కొలిచి చెప్పింది.

అందుకని, ఇదిగో. నువ్వు రా. వాయించమని పిలవడం లేదు. నీ చెయ్యి తిరిగొస్తుందో రాదో నీ డాక్టరుకే తెలియదు, నాకేం తెలుసు? వచ్చి ఈ గదిలో కూర్చుని వేళ్ళు వంచు. అవి కదలకపోతే నువ్వు చూడకు. కళ్ళు మూసుకో, నేను చూస్తా. మాట విననివాళ్ళని చూస్తూ కూర్చోవడం నాకు కొత్తకాదు, నిన్ను పెంచినదాన్ని. నొప్పి పుడితే అరిచెయ్. నోరు కట్టుకుని ఏ హోటలు గదిలోనో మూలుక్కోవడం దేనికి, ఇక్కడ పదకొండు మంది జవాబు చెప్పేవాళ్ళు ఉండగా?

మోకాలావిడతో మాట్లాడాను. చేతులూ వంచుతుందట. కిటికీ పక్కన రెండో మంచం వేయించాను. గుమాస్తాగారు రైలు టిక్కెట్టు తీసి దీంతో జతపరిచారు, అక్టోబరు మూడు. డ్రమ్ములతన్ని తోడు తెచ్చుకో, బొద్దు అక్షరాలు రాసేవాళ్ళు తిండి బాగా తింటారు, వండిస్తా.

దిండు మాత్రం నువ్వే తెచ్చుకో. ఇంట్లో ఉన్నవన్నీ నా మోకాలి కింద ఉన్నాయి.

అక్క,
వేలిముద్ర